తోకచుక్కలు, గ్రహశకలాలు, ఉల్కలు: విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

బడిలో పాఠం చెప్పినప్పుడు, కళింగపట్నం ఒడ్డున ఎవరి చేతికైనా బైనాక్యులర్లు ఇచ్చినప్పుడు, ఆఖరికి పెళ్ళి భోజనాల పంక్తిలో కూడా నన్ను అడిగే ప్రశ్నలివి. కొన్నిటికి ఒక్క మాట చాలు, కొన్నిటికి పేజీ పడుతుంది. జవాబులను అలాగే వదిలేశాను.

తోకచుక్క, గ్రహశకలం, ఉల్క మూడూ ఒకటేనా?

కావు. గ్రహశకలం సూర్యుడి చుట్టూ తిరిగే రాతి ముద్ద, లేదా లోహపు ముద్ద. వీటిలో ఎక్కువ భాగం కుజుడికీ గురుడికీ మధ్య తిరుగుతుంటాయి. తోకచుక్క మంచు, దుమ్ము, రాయి కలగలిసిన ముద్ద. సూర్యుడికి దూరంగా ఉన్నంతకాలం దానికి తోక ఉండదు. ఈ రెంటిలో దేని నుంచైనా రాలిన నలుసు మన గాలిలోకి దూసుకొచ్చి మండినప్పుడు కనిపించే వెలుగు ఉల్క. మండగా మిగిలి నేలకు చేరిన రాయి ఉల్కాశిల. "చుక్క రాలింది" అని మనం చూపించే వెలుగుకు కారణం చాలాసార్లు ఇసుక రేణువు కంటే పెద్దది కాదు. సెకనుకు పదుల కిలోమీటర్ల వేగంతో వస్తుంది కాబట్టి అంత వెలుగు.

ఈ విభజన మన సౌకర్యం కోసం చేసుకున్నదే. ఫేథాన్ అనేది గ్రహశకలం. అయినా ప్రతి డిసెంబరులో కురిసే జెమినిడ్ ఉల్కలు దాని దుమ్మే. ఉల్కల జల్లుకు తోకచుక్కే ఉండాలన్న నియమాన్ని అది పట్టించుకోదు.

ఒకప్పటి గ్రహం పగిలి గ్రహశకలాలయ్యాయని చదివాను. నిజమేనా?

పాత ఊహ అది, ఇప్పుడు ఎవరూ ఒప్పుకోరు. కుజుడికీ గురుడికీ మధ్యనున్న ఆ గ్రహశకలాల పట్టీలో ఉన్నదంతా పోగుచేసినా చంద్రుడి బరువులో సుమారు 3 శాతమే వస్తుంది. అందులో మూడో వంతు ఒక్క సెరిస్‌దే. గురుడి ఆకర్షణ వల్ల అక్కడ గ్రహం తయారు కావడమే కుదరలేదు. ముక్కలు నెమ్మదిగా అతుక్కోవడం మాని ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి.

సెరిస్‌ను 1801 జనవరి 1న ఇటలీలోని పలెర్మోలో పియాజ్జి కనుగొన్నారు. దాని అడ్డుకొలత సుమారు 940 కిలోమీటర్లు. కొన్ని దశాబ్దాలు గ్రహంగా, తరువాత గ్రహశకలంగా లెక్కకెక్కింది. 2006 నుంచి ప్లూటోతో పాటు మరుగుజ్జు గ్రహం. ఇప్పటికి పది లక్షలకు పైగా గ్రహశకలాల కక్ష్యలు తెలుసు. అయినా సినిమాల్లో చూపించినట్టు అక్కడ ఓడ నడిపేవాడు రాళ్ళ మధ్య మెలికలు తిరగాల్సిన పని లేదు. పక్క రాయి సగటున లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఇప్పటివరకు అటుగా వెళ్ళిన అంతరిక్ష నౌకలన్నీ ఏ దెబ్బా తగలకుండానే దాటిపోయాయి.

తోకచుక్క ఎటు వెళుతుంటే తోక దానికి వెనక వైపు ఉంటుందా?

ఉండదు. తోక ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కుకు తిరిగి ఉంటుంది. సూర్యుణ్ణి చుట్టి తిరిగి వెళ్ళేటప్పుడు తోకచుక్క తన తోకను ముందు పెట్టుకుని ప్రయాణిస్తుంది. జాగ్రత్తగా చూస్తే తోకలు రెండు. సౌర పవనం, అంటే సూర్యుడి నుంచి వీచే కణాల గాలి, తరిమిన వాయువుల తోక నీలంగా, నిటారుగా ఉంటుంది. ఎండ ఒత్తిడికి వెనకబడిన దుమ్ము తోక పసుపుగా, కొంచెం వంగి ఉంటుంది. కోట్ల కిలోమీటర్లు సాగే ఈ హంగామాకంతటికీ మూలమైన గడ్డ చాలా చిన్నది. హేలీ గడ్డ పొడవు సుమారు 15 కిలోమీటర్లే. 1986లో జియోటో నౌక దగ్గరికెళ్ళి ఫొటోలు తీస్తే అది బొగ్గు కంటే నల్లగా కనిపించింది.

హేలీ తోకచుక్క మళ్ళీ ఎప్పుడు? తోకచుక్క వస్తే కీడంటారు కదా?

2061 వేసవిలో. సూర్యుడికి అతి దూరపు బిందువును 2023 డిసెంబరులో దాటింది, ఇప్పుడు తిరుగు ప్రయాణంలో ఉంది. ఇప్పుడు పదో తరగతి చదివే పిల్లలు యాభై ఏళ్ళ వయసులో చూస్తారు. అంతవరకు ఆగలేనివారు దాని దుమ్మునైనా చూడవచ్చు. మే మొదటి వారంలో ఈటా అక్వేరిడ్లు, అక్టోబరు మూడో వారంలో ఒరయొనిడ్లు, ఈ రెండు ఉల్కల జల్లులూ హేలీ వదిలిపోయినవే.

కీడు సంగతికొస్తే, 1910 మే నెలలో భూమి హేలీ తోకలోంచే దాటవచ్చని ఖగోళవేత్తలు చెప్పారు. తోకలో విషవాయువు ఉందన్న వార్త పట్టుకుని పాశ్చాత్య నగరాల్లో కొందరు తలుపుల సందులు మూసుకున్నారు, తోకచుక్క మాత్రలు కొనుక్కుని మింగారు. అదే ఏడాది విజయనగరంలో గురజాడ అప్పారావు తన 'ముత్యాల సరములు'లో ఆ తోకచుక్కను భూమికి దూరపు చుట్టమన్నారు, చూసిపోవడానికి వచ్చిందన్నారు, దానికి దిగులుపడవద్దన్నారు. సంఘ సంస్కరణ ప్రయాణానికి జెండాగా కూడా భావించారు. తోకలోని వాయువు ఎంత పలచనంటే మన గాలిలో ఎవరికీ ఏమీ తెలియలేదు. కాబట్టి ఈ ప్రశ్నకు మన ఊళ్ళో నూరేళ్ళ కిందటే జవాబు వచ్చింది. నేను కొత్తగా చేర్చేదేమీ లేదు.

"గ్రహశకలం భూమిని ఢీకొట్టబోతోంది" అని వీడియో చూశాను. నమ్మవచ్చా?

వీడియో పైబొమ్మలో మండే బండ, కింద ఏడుస్తున్న ముఖం ఉంటే అక్కర్లేదు. "భూమికి అతి సమీపంగా" అన్న మాట కనిపించగానే దూరం ఎంతో వెతకండి. చంద్రుడు సగటున 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఈ వార్తల్లో చాలావాటిలో గ్రహశకలం దానికి ఎన్నో రెట్ల అవతలి నుంచి వెళుతుంది.

కానీ నిజమైన హెచ్చరికలు కూడా వస్తాయి. వాటిని చదవడం మన కోస్తా వాళ్ళకు తెలిసిన విద్యే. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిన రోజున వాతావరణ శాఖ ఇచ్చే పటం గుర్తు చేసుకోండి. తుపాను దారి గీతలా ఉండదు, పోనుపోను వెడల్పయ్యే గరాటులా ఉంటుంది. మొదటి రోజు మచిలీపట్నం నుంచి గోపాలపూర్ దాకా అందరూ అందులోనే ఉంటారు. మర్నాటికి గరాటు సన్నబడి కాకినాడ బయటపడుతుంది, పలాస లోపలే మిగులుతుంది. అప్పుడు పలాసకు ముప్పు శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. పెరిగింది తుపాను కోపం కాదు, పోటీలో మిగిలిన ఊళ్ళు తగ్గాయంతే. 2018లో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానం చివరిదాకా గరాటులోనే ఉండిపోయింది. చాలా తుపానులకు ఆఖరి రోజున బయటపడుతుంది.

గ్రహశకలానికీ ఇదే లెక్క. మొదట గరాటు లక్షల కిలోమీటర్ల వెడల్పు, అందులో భూమి ఒక చుక్క. కొత్త పరిశీలనలు చేరేకొద్దీ గరాటు ముడుచుకుంటుంది. భూమి ఇంకా లోపలే ఉన్నంతకాలం శాతం పెరుగుతూ పోతుంది. గరాటు అంచు భూమిని దాటిపోయిన రోజున ఒక్కసారిగా సున్నా దగ్గరికి పడిపోతుంది. 2024 వైఆర్4 కథ అచ్చంగా ఇదే. చిలీలోని అట్లాస్ టెలిస్కోపు దాన్ని 2024 డిసెంబరు 27న పట్టుకుంది. సుమారు 60 మీటర్ల రాయి. 2032 డిసెంబరు 22న ఢీకొట్టే అవకాశం మొదట ఒక శాతం దాటింది, 2025 ఫిబ్రవరి నడిమికి 3.1 శాతానికి ఎక్కింది. పడితే ఎక్కడ పడవచ్చో గీసిన పట్టీ పసిఫిక్ నుంచి ఆఫ్రికా మీదుగా దక్షిణాసియా దాకా వచ్చింది, అందుకే మన ఛానళ్ళకు అంత పండగ. ఆ నెల ముగిసేలోపే భూమికి ముప్పు లేదని తేలిపోయింది. ఎక్కిన శాతాన్ని మొదటి పేజీలో వేసినవారు దిగిన శాతాన్ని ఎక్కడ వేశారో వెతుక్కోవాలి.

ఒక తేడా మాత్రం మరచిపోకండి. తుపాను నిజంగానే దారి మార్చుకుంటుంది. గ్రహశకలం దాదాపుగా మార్చుకోదు. దాని దారి ముందే ఖాయమై ఉంది, తెలియనిది మనకే. అందుకే ఇక్కడ పాతికేళ్ళ ముందు లెక్క కూడా పనికొస్తుంది.

2029లో వచ్చే అపోఫిస్ గ్రహశకలం సంగతి?

ఢీకొట్టదు. 2004లో కనుగొన్నప్పుడు కొద్ది రోజులపాటు 2.7 శాతం దాకా అనుమానం ఉండేది. 2021లో రాడార్ పరిశీలనల తరువాత కనీసం నూరేళ్ళ వరకు భయం లేదని నిర్ధారించారు. ఆ రాయి అడ్డుకొలత మూడు వందల మీటర్లకు పైనే. 2029 ఏప్రిల్ 13 రాత్రి, మన గడియారంలో 14 తెల్లవారుజామున మూడు దాటాక, నేలకు సుమారు 32,000 కిలోమీటర్ల ఎత్తున వెళుతుంది. మన టీవీ ఉపగ్రహాలు ఉండేది దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున. అంటే వాటికి లోపలి నుంచే పోతుంది. మామూలు కంటికి కనిపించేంత వెలుగుతో యూరప్, ఆఫ్రికా, పశ్చిమాసియా వాళ్ళకు బాగా కనిపిస్తుంది. అంత పెద్దది ఇంత దగ్గరగా రావడం కొన్ని వేల ఏళ్ళకోసారి జరిగే సంగతి. భయపడి ఆ రాత్రి నిద్రపోకపోతే దండగ, చూడడానికి మేలుకుంటే సరే.

నిజంగా ఏదైనా పడితే ఏమవుతుంది?

పరిమాణాన్ని బట్టి. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద సుమారు 20 మీటర్ల రాయి 30 కిలోమీటర్ల ఎత్తున పేలింది. గాయపడినవారు దాదాపు 1,500 మంది, చాలామందికి కిటికీ అద్దాలు గుచ్చుకున్నాయి. మెరుపు చూసి ఏమిటా అని కిటికీ దగ్గరికి వెళ్ళారు. పేలుడు అల రెండు నిమిషాల తరువాత వచ్చింది. ఆకాశంలో ఎప్పుడైనా సూర్యుణ్ణి మించిన మెరుపు కనిపిస్తే చేయాల్సిన పని ఇదే: అద్దాలకు దూరంగా జరగండి.

1908 జూన్ 30న సైబీరియాలోని తుంగుస్కాలో ఇంతకంటే పెద్దది పేలి రెండు వేల చదరపు కిలోమీటర్లకు పైగా అడవిని పడగొట్టింది. 6.6 కోట్ల ఏళ్ళ కింద మెక్సికోలోని చిక్షులూబ్ దగ్గర పడినది పది కిలోమీటర్ల పరిమాణంది, డైనోసార్ల కథ ముగించింది. మన దేశంలో చూడాలంటే మహారాష్ట్రలోని లోనార్ సరస్సు ఉంది. నల్లరాతి నేలలో 1.8 కిలోమీటర్ల వెడల్పున ఉన్న గొయ్యి అది. కిలోమీటరుకు మించిన గ్రహశకలాల్లో భూమి దగ్గరికి వచ్చేవాటిని దాదాపు అన్నిటినీ గుర్తించారు. ఇంకా దొరకాల్సినవి ఊరిని, నగరాన్ని దెబ్బతీయగల మధ్యరకం రాళ్ళు.

వస్తుంటే ఆపగలమా?

ముందుగా తెలిస్తే, చిన్నదైతే, ఆపగలమన్న ఆశకు ఇప్పుడు ఆధారముంది. 2022 సెప్టెంబరు 26న డార్ట్ నౌకను సుమారు 160 మీటర్ల డైమార్ఫస్ అనే గ్రహశకలానికి కావాలనే గుద్దించారు. అది తన పెద్ద జోడీ చుట్టూ తిరగడానికి 11 గంటల 55 నిమిషాలు పట్టేది. గుద్దిన తరువాత అరగంటకు పైగా తగ్గింది. ఆ దెబ్బ ఫలితాన్ని దగ్గరగా చూడడానికి హేరా నౌక 2024 అక్టోబరులో బయలుదేరింది. అసలు కిటుకు కాలంలో ఉంది. పదేళ్ళ ముందు కొంచెం నెడితే చాలు, వారం ముందు ఎంత నెట్టినా లాభం లేదు.

మన జిల్లాల్లో ఎప్పుడైనా ఉల్కాశిల పడిందా?

పడింది, అదీ అరుదైన రకం. 1870 జనవరి 23న పార్వతీపురం ప్రాంతంలో సుమారు నాలుగున్నర కిలోల ఇనుప ముక్క రాలింది. అప్పట్లో అది విశాఖపట్నం జిల్లా, తరువాత విజయనగరం, ఇప్పుడు పార్వతీపురం మన్యం. ప్రపంచ ఉల్కాశిలల జాబితాలో దాని పేరు నెడగొల్ల. మనుషులు చూస్తుండగా పడినవాటిలో ఇనుపవి నూటికి ఐదు కూడా ఉండవు. పైగా ఇది తెలిసిన ఏ తరగతిలోకీ సరిగా ఇమడదని జాబితాలో విడిగా పెట్టారు. జిల్లా చరిత్ర పాఠాల్లో కోటలూ యుద్ధాలూ ఉన్నాయి, దీనికి ఒక్క వాక్యం లేదు. నాకైతే బొబ్బిలి యుద్ధం సరసన నిలబెట్టదగిన సంగతే అనిపిస్తుంది.

పొలంలో నల్లటి బరువైన రాయి దొరికింది. ఉల్కాశిలేనా?

నా దగ్గరికి అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న. దాదాపు ప్రతిసారీ జవాబు కాదనే. మన నేల తీరు అలాంటిది. చీపురుపల్లి, గరివిడి చుట్టుపక్కల మాంగనీసు ఖనిజం నల్లగా, బరువుగా ఉంటుంది. ఫెర్రో అల్లాయ్ ఫ్యాక్టరీల చిట్టెం రోడ్ల పక్కన, లేఅవుట్ల కింద ఎక్కడ పడితే అక్కడ పోశారు. భావనపాడు, కళింగపట్నం ఒడ్డున నల్ల ఇసుక అయస్కాంతానికి అంటుకుంటుంది, అది ఇల్మెనైట్, మాగ్నటైట్ లాంటి ఖనిజాల ఇసుక.

ఇంట్లోనే చూడగలిగేవి కొన్ని ఉన్నాయి. రాతిలో బుడగల గుంటలుంటే అది చిట్టెం. ఉల్కాశిలకు సాధారణంగా లోపల బుడగలుండవు. కొత్తగా పడినదానికి పలచటి నల్లటి పెంకు ఉంటుంది, ఒక మూల విరిగితే లోపల లేత బూడిద రంగు కనిపిస్తుంది. చాలావాటికి అయస్కాంతం అంటుకుంటుంది, కానీ అంటుకున్నదల్లా ఉల్కాశిల కాదు. మెరుగులేని పింగాణీ పలక వెనక గీయండి. నల్లటి గీత పడితే మాగ్నటైట్ కావచ్చు, ఎర్రటి గీత పడితే హెమటైట్. ఉల్కాశిల మామూలుగా గీత పెట్టదు. ఇవన్నీ దాటితే ప్రయోగశాలలో నికెల్ చూడాలి, ఇనుప ఉల్కాశిలలో అది తప్పక ఉంటుంది. పడిన వెంటనే ముట్టుకుంటే కాలుతుందన్నది కూడా అపోహే. చివరి కిలోమీటర్లలో వేగం తగ్గి, చల్లబడి, మామూలు రాయిలానే పడుతుంది.

నిజంగా పడుతుండగా చూసి తెచ్చుకుంటే కడగకండి, సుత్తితో కొట్టకండి, అయస్కాంతం కూడా అతిగా రుద్దకండి. శుభ్రమైన సంచిలో పెట్టి తహసీల్దారుకు గానీ, జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు గానీ చెప్పండి. దేశంలో పడిన ఉల్కాశిలలను సేకరించి భద్రపరిచేది ఆ సంస్థే. కొలకత్తాలో పెద్ద సేకరణ ఉంది.

ఉల్కాశక్తి ఉన్న రాగి చెంబు బియ్యాన్ని లాగుతుందట, విదేశీ సంస్థ కోట్లిచ్చి కొంటుందట…

రైస్ పుల్లింగ్. మోసం. పోలీసులకు చెప్పండి.

మన దేశం నుంచి వీటిని ఎవరైనా కనుగొన్నారా?

కనుగొన్నారు, అందులో మొదటి అధ్యాయం మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పటిదే. 1861లో మద్రాసు వేధశాలలో నార్మన్ పోగ్సన్ ఒక గ్రహశకలాన్ని పట్టుకున్నారు. ఆసియా ఖండం నుంచి కనుగొన్న మొదటిది కాబట్టి దానికి ఆసియా అనే పేరు పెట్టారు. తరువాత సాఫో, సిల్వియా, కమిల్లా కూడా అక్కడి నుంచే.

ఆయనకు సంబంధించిన ఒక తంతి కథ నాకు చాలా ఇష్టం. బీలా అనే తోకచుక్క 1846లో అందరూ చూస్తుండగానే రెండు ముక్కలైంది, 1852 తరువాత మాయమైంది. 1872 నవంబరు 27న అది ఉండాల్సిన దారి నుంచి ఉల్కల వాన కురిసింది. జర్మనీలోని ఖగోళవేత్త క్లింకర్‌ఫ్యూస్ వెంటనే మద్రాసుకు తంతి కొట్టారు: బీలా భూమిని తాకింది, దక్షిణాన తీటా సెంటారి నక్షత్రం దగ్గర వెతకండి. పోగ్సన్ వెతికారు. డిసెంబరు 2, 3 తేదీల్లో నిజంగానే ఒక తోకచుక్క దొరికింది. అది బీలా కాదని తరువాతి లెక్కలు తేల్చాయి. తప్పు చిరునామాతో వెతికినా ఇంకెవరో తలుపు తీశారు.

హైదరాబాదులో చదువుకున్న వేణు బప్పు 1949లో అమెరికాలో విద్యార్థిగా ఉంటూ మరో ఇద్దరితో కలిసి ఒక తోకచుక్కను కనుగొన్నారు. అది బప్పు–బాక్–న్యూకర్క్ పేరుతోనే ఉంది.

మా బడి పిల్లలు కనుగొనగలరా?

గలరు. అంతర్జాతీయ ఖగోళ శోధన సహకార కార్యక్రమం పెద్ద టెలిస్కోపుల ఫొటోలను ఉచితంగా పంపుతుంది. కదిలే చుక్కను కంప్యూటర్‌లో గుర్తించి నివేదిక పంపాలి. దేశంలో చాలా బడులు పాల్గొంటున్నాయి. కావలసింది ఇంటర్నెట్టు, ఓపిక. పేరు పెట్టే అవకాశం రావడానికి ఏళ్ళు పడుతుందని పిల్లలకు ముందే చెప్పండి, లేకపోతే వారం తరువాత మొహాలు వాడిపోతాయి.

ఇక్కడి నుంచి ఉల్కలు ఎప్పుడు, ఎక్కడ బాగా కనిపిస్తాయి?

డిసెంబరు 13, 14 రాత్రుల జెమినిడ్లకు సాటి లేదు. పునర్వసు నక్షత్రం ఉన్న చోటి నుంచి వస్తున్నట్టు కనిపిస్తాయి. రాత్రి రెండు గంటలకు మనకు దాదాపు నడినెత్తికి వస్తుంది, ఆకాశమూ అప్పటికి తేటపడి ఉంటుంది. ప్రపంచమంతా పొగిడే ఆగస్టు పెర్సీడ్లు మన దగ్గర మబ్బులపాలు. వాటి కోసం సెలవు పెట్టకండి. ఒరయొనిడ్లు ఆర్ద్ర, మృగశిర వైపు నుంచి వస్తాయి, కానీ అక్టోబరులో తుపాను ఉందో లేదో ముందు చూసుకోవాలి. నవంబరు 17 ప్రాంతంలో మఘ వైపు నుంచి లియొనిడ్లు కొద్దిగా. మే 5, 6 తెల్లవారుజామున ఈటా అక్వేరిడ్లు మనకు యూరప్ వాళ్ళ కంటే బాగా కనిపిస్తాయి. తూర్పున సముద్రం ఉండడం ఇక్కడ అదృష్టం.

కళింగపట్నం, బారువ, పూసపాటిరేగ వైపు చింతపల్లి ఒడ్డు తెల్లవారుజామున వచ్చే తోకచుక్కలకు మేలైన చోట్లు. ఊరి దీపాలకు వీపు పెట్టి కూర్చోండి. సాయంత్రపు తోకచుక్కకు ఒడ్డు పనికిరాదు, పడమర ఖాళీగా ఉన్న చెరువు గట్టు కావాలి. 2024 అక్టోబరులో సుచిన్షాన్–అట్లాస్ వచ్చినప్పుడు చాలామంది అలవాటుగా సముద్రం వైపు చూస్తూ కూర్చున్నారు, అది వెనక ఉంది. కళ్ళు చీకటికి అలవాటు పడడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, ఆలోగా ఫోను తీస్తే మళ్ళీ మొదటికి.

టెలిస్కోపు కొనాలా?

ఉల్కలకు అక్కర్లేదు, చాప చాలు. తోకచుక్కలకు 10×50 లేదా 7×50 బైనాక్యులర్లు.

వరుసగా కదిలే దీపాలు కనిపించాయి. ఉల్కలేనా?

స్టార్‌లింక్ ఉపగ్రహాలు. ఉల్క ఒకటి రెండు సెకన్లలో మాయమవుతుంది. నిమిషం సేపు నెమ్మదిగా ముక్కలవుతూ వెళ్ళేది సాధారణంగా రాకెట్టు చెత్త. 2022 ఏప్రిల్ 2న మహారాష్ట్ర మీదుగా అలాగే చైనా రాకెట్టు భాగం మండుతూ పోయింది, చంద్రపూర్ జిల్లాలో లోహపు రింగు దొరికింది.

పెద్ద అగ్నిగోళం చూస్తే ఎవరికి, ఏమని చెప్పాలి?

ముందు గడియారం చూడండి, సెకన్లతో సహా. నిలబడిన చోటి నుంచి కదలకుండా అది మొదలైన చోటు, ఆగిన చోటు ఏ చెట్టు, ఏ టవరు పైన ఉన్నాయో గుర్తు పెట్టుకోండి. చేయి చాచి పిడికిలి పెడితే సుమారు పది డిగ్రీలు, ఎన్ని పిడికిళ్ళ ఎత్తో లెక్కపెట్టండి. చప్పుడు వచ్చిందా, ఎన్ని నిమిషాలకు వచ్చిందో రాసుకోండి. అంతర్జాతీయ ఉల్కా సంస్థ వెబ్‌సైటులో అగ్నిగోళాల ఫారం ఉంది, అందులో నింపండి. రాజాంలో ఒకరు, టెక్కలిలో ఒకరు, సాలూరులో ఒకరు విడివిడిగా నింపితే దారి గీయవచ్చు. ముగ్గురూ ముందు మాట్లాడుకుని ఒకే జవాబు రాస్తే దేనికీ పనికిరాదు. సీసీ కెమెరా వీడియో ఉంటే పాట కలపకుండా, కత్తిరించకుండా, కెమెరా ఏ దిక్కుకు ఉందో రాసి దాచండి. చాలా దుకాణాల్లో పాత వీడియో కొద్ది రోజుల్లో చెరిగిపోతుంది కాబట్టి మర్నాడు ఉదయమే అడగండి.